పడిశం ఎన్నో రోజు?

ముసుర్లు పట్టిన దగ్గర్నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ముక్కు, గొంతు, దగ్గు గురించినవే ఎక్కువ. ఈసారి చోటంతా వాటికే ఇచ్చాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క జవాబు రాశాం.

ప్రశ్న: నాలుగు రోజులుగా జలుబు. మొదట్లో నీళ్లలా కారింది. నిన్నటి నుంచి చీమిడి చిక్కబడి ఆకుపచ్చగా వస్తోంది. మెడికల్ షాపు అతను చూసి ఇన్ఫెక్షన్ ముదిరిందన్నాడు. అజిత్రోమైసిన్ 500 బిళ్లలు మూడు ఇచ్చాడు. వేసుకోమంటారా?
*— ఉపాధ్యాయుడు, జమ్మికుంట*

వద్దండీ, పక్కన పెట్టేయండి. నాలుగో రోజుకి చీమిడి రంగు మారిందంటే జలుబు తన దారిన తాను నడుస్తున్నట్టే, ముదిరినట్టు కాదు. వైరస్‌ మీదికి మన ఒంట్లోంచి వచ్చే తెల్ల రక్తకణాల్లో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. అందులో ఇనుము ఉండటంతో అది ఆకుపచ్చగా ఉంటుంది. ఆ కణాలు చచ్చి చీమిడిలో కలిస్తే మీరు రుమాల్లో చూసిన రంగు వస్తుంది. రాత్రంతా ముక్కులోనే నిలిచిపోయింది కాబట్టి పొద్దున వచ్చేది మరీ ముదురుగా ఉంటుంది. బ్యాక్టీరియా ఉన్నా ఆ రంగే, లేకపోయినా ఆ రంగే. అందుకే రంగును చూసి యాంటీబయాటిక్ ఇవ్వడం తప్పు.

రంగు సంగతి వదిలేసి రోజులు లెక్కపెట్టండి. గొంతు గరగరలాడిన మొదటి రోజుకి క్యాలెండర్లో సున్నా చుట్టండి. జలుబు తెచ్చే వైరస్‌లలో ముఖ్యమైనవి రైనోవైరస్‌లు, వాటిలోనే 160కి పైగా రకాలున్నాయి. రకం ఏదైనా నడక మాత్రం ఇంచుమించు ఒకటే. రెండు మూడు రోజులకి ముక్కు దిబ్బడ, తలబరువు, ఒళ్లునొప్పులు బాగా ఎక్కువవుతాయి. అయిదో రోజు నుంచి దిగుతాయి. ఏడు నుంచి పది రోజుల్లో మనిషి తేరుకుంటాడు. దగ్గు ఒక్కటే రెండు మూడు వారాలు వెంటాడుతుంది.

ఇప్పుడు ఆ మూడు బిళ్లల సంగతి ఆలోచించండి. నాలుగో రోజు మొదలుపెడితే ఆరో రోజుకి అయిపోతాయి. జలుబు దానంతటది దిగే రోజులూ అవే. పేరు మాత్రం బిళ్లకి వస్తుంది, మళ్లీ జలుబు చేసినప్పుడు చేయి ఆ బిళ్ల మీదికే పోతుంది. ఇంటింటా ఇలా వాడీ వాడీ, నిజంగా అవసరం పడిన రోజున ఆ మందుకు లొంగని బ్యాక్టీరియాను పెంచుకుంటున్నాం.

బ్యాక్టీరియా చేరిందని అనుమానించాల్సిన సందర్భాలు మూడే. ఒకటి, పది రోజులు దాటినా ఇసుమంతైనా తగ్గకపోవడం. రెండోది, మొదలైన దగ్గర్నుంచే 102 డిగ్రీలు దాటే జ్వరం, దానితోపాటు చిక్కటి చీమిడో, బుగ్గ ఎముకలోనో కనుబొమల పైనో నొప్పో వరసగా మూడు నాలుగు రోజులు ఉండటం. మూడోది, తగ్గినట్టే తగ్గి అయిదారు రోజులకి జ్వరంతో, తలనొప్పితో తిరగబెట్టడం. వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చూపించుకోండి. అప్పుడైనా సాధారణంగా ముందు రాసేది అమాక్సిసిలిన్ రకం మందే. సైనస్‌లలో, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో, తరచుగా దొరికే న్యూమోకోకస్ అనే బ్యాక్టీరియా చాలాచోట్ల అజిత్రోమైసిన్‌కు లొంగడం మానేసింది.

ఈలోగా జ్వరానికీ నొప్పులకీ పారాసెటమాల్ చాలు. ఇక్కడొక పొరపాటు జరుగుతోంది. షాపుల్లో దొరికే జలుబు బిళ్లల్లో చాలావాటిలో పారాసెటమాల్ కూడా ఉంటుంది, తరచుగా 500 మిల్లీగ్రాములు. దాని మీద 650 బిళ్ల విడిగా వేసుకుంటే ఒక్క విడతకే 1150 అవుతుంది. రోజుకి నాలుగుసార్లు అలా వేసుకుంటే పెద్దవాళ్లకు గరిష్ఠ పరిమితి అయిన 4 గ్రాములు దాటిపోతుంది, కాలేయం మీద దెబ్బ పడుతుంది. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదివి తీరాలి. ఆ బిళ్లల్లోనే ఉండే ఫినైలెఫ్రిన్ నోటి ద్వారా తీసుకుంటే ముక్కు దిబ్బడకు పనిచేయదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ 2023 సెప్టెంబరులో తేల్చింది.

షుగరు ఉన్నవాళ్లకు ఒక్కమాట. ముఖంలో ఒకవైపు మొద్దుబారడం, కన్ను వాయడం, ముక్కులోంచి నల్లటి పెచ్చులు రావడం కనిపిస్తే రోజులు లెక్కపెట్టకండి. 2021లో కోవిడ్ రెండో దశలో మనం చూసిన బ్లాక్ ఫంగస్ అలాగే మొదలవుతుంది. ఆ పూటే ఈఎన్‌టీ విభాగం ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: ముక్కు దిబ్బడకు జైలోమెటాజొలిన్ చుక్కలు ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. మొదట్లో రాత్రికి ఒకసారి వేస్తే సరిపోయేది. ఇప్పుడు మూడు గంటలకోసారి వేయకపోతే ఊపిరాడదు. సీసా జేబులో లేకపోతే బండి తీయలేను. ఎలా మానాలి?
*— ఆటో డ్రైవరు, విజయవాడ*

ఇప్పుడు మీ ముక్కు మూసుకుపోవడానికి కారణం పాత జలుబు కాదు, ఆ చుక్కలే. ముక్కు రంధ్రాల లోపల పక్కగోడల నుంచి మెత్తటి కండ మడతలు వేలాడుతుంటాయి. వాటిలో రక్తం నిండితే ఉబ్బి గాలిదారి మూసేస్తాయి. చుక్క పడగానే రక్తనాళాలు ముడుచుకుని దారి తెరుచుకుంటుంది. మందు పవరు దిగాక అవే నాళాలు మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ చుక్క, మళ్లీ ఉబ్బు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే అయింది. ఇందువల్లే ఈ రకం చుక్కలు మూడు రోజులు, మహా అయితే అయిదు రోజులు, అంతకుమించి వాడకూడదు. ఆక్సీమెటాజొలిన్‌కూ ఇదే లెక్క. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లయితే ఆ కాస్త కూడా డాక్టరును అడిగే వాడాలి.

మానడానికి దారి ఉంది. రెండు రంధ్రాలకూ ఒకేసారి మానితే మొదటి రాత్రే కుదేలైపోయి మళ్లీ సీసా తీస్తారు. కాబట్టి ఒక్కో రంధ్రానికి మానండి. ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకుని ఫ్లుటికాసోన్ గానీ మొమెటాసోన్ గానీ స్టెరాయిడ్ స్ప్రే రాయించుకోండి. రెండు రంధ్రాల్లోనూ రోజుకొకసారి రెండేసి పఫ్‌లు మామూలు మోతాదు. స్టెరాయిడ్ అన్నారని జడుసుకోకండి, ఒక్కో పఫ్‌లో ఉండే మందు 50 మైక్రోగ్రాములే, అందులో రక్తంలోకి పోయేది బహు స్వల్పం. స్ప్రే మొదలుపెట్టిన రోజు నుంచి కుడి రంధ్రంలో చుక్కలు పూర్తిగా ఆపేసి ఎడమ రంధ్రంలో మాత్రం వేసుకోండి. మొదటి మూడు నాలుగు రాత్రులు కుడివైపు బిగిసిపోయే ఉంటుంది. రెండు దిండ్లు పెట్టుకుని, ఎడమ ముక్కుతో ఊపిరి తీసుకుంటూ పడుకోండి. ఉప్పునీటి చుక్కలు ఎన్నిసార్లు వేసుకున్నా ఇబ్బంది లేదు. వారం పదిరోజుల్లో కుడివైపు తెరుచుకుంటుంది. అది నిలకడగా ఉందనుకున్నాక ఎడమవైపు కూడా ఆపేయండి. స్ప్రే మాత్రం డాక్టరు చెప్పినన్ని వారాలు సాగించాలి.

స్ప్రే పనిచేయలేదని మానేసేవాళ్లలో చాలామంది కొట్టుకునే తీరులోనే తప్పుంటుంది. కొత్త సీసా అయితే బాగా ఊపి, సన్నటి తుంపర వచ్చేదాకా నాలుగైదుసార్లు గాల్లోకి కొట్టండి. ముక్కు మెల్లగా చీదండి. తల వెనక్కి వాల్చకండి, చదువుతున్నప్పటిలా కాస్త ముందుకు వంచండి. కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో పెట్టాలి. అలా పెడితే కొన దానంతటదే బయటివైపుకు, అంటే ఆ పక్క కంటి చివరకేసి తిరుగుతుంది. రెండు రంధ్రాల మధ్య గోడకేసి కొడితే అక్కడి పలచటి పొర ఎండి నెత్తురు వస్తుంది. నొక్కేటప్పుడు మెల్లగా గాలి పీల్చండి. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. గొంతులో చేదు తగిలిందంటే గట్టిగా పీల్చారన్నమాట. ఒకటి రెండు రోజుల్లో గుణం కనిపించదు, పూర్తి ఫలితానికి రెండు వారాలు ఆగాలి.

ఇన్నీ చేసినా తెరుచుకోకపోతే ముక్కు దూలం వంకరో, లోపల పాలిప్ అనే కండ పెరుగుదలో ఉందేమో ఎండోస్కోపు పెట్టి చూస్తారు.

ప్రశ్న: పాపకి పద్నాలుగు నెలలు, బరువు 10 కిలోలు. రెండు రోజులుగా పడిశం, దగ్గు, జ్వరం 101. మా అత్తయ్యగారు కొబ్బరినూనెలో కర్పూరం కాచి ఛాతీకి రాద్దామంటున్నారు, ముక్కులో కూడా రెండు చుక్కలు వేయమంటున్నారు. పక్కింటివాళ్లు వాళ్ల బాబు దగ్గు సిరప్ ఇచ్చారు. ఏది మంచిది?
*— గృహిణి, తణుకు*

రెండూ వద్దమ్మా. అత్తయ్యగారు పాప మీద ప్రేమతోనే అంటున్నారు, కారణం చెబితే ఆవిడే ముందు జాగ్రత్తపడతారు. కర్పూరం చంటిపిల్లల చర్మంలోంచి కూడా ఒంట్లోకి దిగుతుంది, నోట్లోకి పోతే మరీ త్వరగా. పసిపిల్లలకు గ్రాము కర్పూరం ప్రాణం మీదికి తెస్తుంది. ఒంట్లోకి చేరిన కాసేపటికే ఫిట్స్ వస్తాయి. రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు కూడా రాయకూడదు. దేవుడి దగ్గరుండే కర్పూరం డబ్బా పాప చేతికి అందకుండా పైన పెట్టండి. ముక్కులో వేసిన నూనె నేరుగా ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడే ఉండిపోయి నిమ్ము చేస్తుంది. దాన్ని దగ్గి బయటికి తెచ్చుకునే శక్తి పాపకు ఉండదు.

దగ్గు సిరప్ సీసా తిరిగి ఇచ్చేయండి. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదనీ, అయిదేళ్లలోపు వాళ్లకు కూడా సాధారణంగా వద్దనీ కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరులో రాష్ట్రాలన్నిటికీ సూచించింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయిన రోజులవి. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రవం బయటపడింది. కల్తీ లేని సిరప్ అయినా ఈ వయసులో దగ్గు తగ్గించదు, మగత తెస్తుంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందుల మీద నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని ముద్రించాలంటూ 2023 డిసెంబరులోనే ఆదేశం వచ్చింది.

మరి చేయాల్సింది ఏమిటంటే, పాప పాలు తాగేముందు, పడుకునేముందు ఒక్కో రంధ్రంలో రెండేసి చుక్కలు సెలైన్ నాసల్ డ్రాప్స్ వేయండి. ఒకటి రెండు నిమిషాలాగి, మెత్తబడిన చీమిడిని తడి నూలు గుడ్డ ఒత్తితో గానీ రబ్బరు బల్బు పిచికారీతో గానీ తీయండి. బల్బును బయట నొక్కి, నొక్కి ఉంచే రంధ్రం అంచున పెట్టి వదలాలి. ఏడాది దాటింది కాబట్టి రాత్రి పడుకునేముందు అర చెంచా తేనె నాకించవచ్చు, దగ్గు నెమ్మదిస్తుంది. ఏడాదిలోపు బిడ్డకు మాత్రం తేనె చుక్క కూడా వద్దు. బాట్యులిజం అనే జబ్బు తెచ్చే బీజాలు తేనెలో ఉండొచ్చు.

జ్వరానికి పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున, మీ పాపకి విడతకు 150. ఆరు గంటలు గడవనిదే రెండో విడత వద్దు, రోజుకి నాలుగుసార్లు మించకూడదు. ఇందులో అందరూ తడబడేది ఎన్ని మిల్లీలీటర్లన్న దగ్గరే. సీసా మీద 5 మి.లీ.లో 250 మి.గ్రా. అని ఉంటే 3 మి.లీ. పోయాలి. 5 మి.లీ.లో 120 అని ఉంటే 6 మి.లీ. చుక్కల మందు అయితే 1 మి.లీ.లోనే 100 ఉంటుంది, కాబట్టి ఒకటిన్నర మి.లీ. చాలు. సిరప్ అనుకుని ఆ చుక్కల మందు 6 మి.లీ. పోస్తే మోతాదు నాలుగింతలవుతుంది. ఇంట్లో చెంచాతో కొలవకండి, సీసాతో వచ్చిన గొట్టమో సిరంజో వాడండి.

పాప నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి తీసి, పొట్ట లేచి పడటాన్ని గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టడం నేర్చుకోండి. ఏడాది నుంచి అయిదేళ్ల మధ్య పిల్లలకు నిమిషానికి 40, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, రెండు నెలలలోపు 60, లేదా అంతకు మించితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డొక్కలెగరేస్తున్నా, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద గుంటలు పడుతున్నా, పిల్లికూతలు వినిపిస్తున్నా, పెదాలు నీలంగా కనిపించినా, పాలు తాగడం మానేసి మగతగా ఉన్నా అంకెతో పనిలేదు, వెంటనే బయల్దేరండి. మూడు నెలలలోపు బిడ్డకైతే 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అదే పని.

ప్రశ్న: సైనస్‌కి జలనేతి (ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం) మంచిదని విని రాగి నేతిపాత్ర కొన్నాను. రెండు రోజులు చేస్తే ముక్కు భగభగ మండింది, చెవి దిబ్బడ వేసింది. తప్పెక్కడ జరిగింది?
*— బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం*

మంట ఉప్పు వల్ల, చెవి దిబ్బడ చీదడం వల్ల. కొలత కుదరాలి. 240 మి.లీ. గ్లాసు గోరువెచ్చటి నీళ్లకు అర టీ చెంచా ఉప్పు, తలకట్టు లేకుండా, దాంతో చిటికెడు వంటసోడా. ఉప్పు అంతకన్నా తగ్గినా పెరిగినా మండుతుంది. ఉత్త నీళ్లతో చేస్తే మరీ మంట. మన దగ్గర వంటకు అమ్మే ఉప్పులో అయోడిన్ కలుపుతారు, కొందరికి అది పడదు. రాళ్ల ఉప్పులో మట్టి ఉంటుంది. రోజూ చేసేవాళ్లకు మెడికల్ షాపులో దొరికే నాసల్ వాష్ పొట్లాలు నయం.

ఉప్పుకన్నా పెద్ద సంగతి నీళ్లు. కుళాయి, బోరు, ఇంటి ఆర్‌వో, 20 లీటర్ల క్యాను, ఏ నీళ్లయినా తెర్లనిచ్చి, ఆ తెర్లు ఒక నిమిషం సాగాక దించి, మూతపెట్టి చల్లార్చాలి. గోరువెచ్చటి మంచినీళ్లలో బతికే నెగ్లేరియా అనే అమీబా తాగితే ఏమీ చేయదు. ముక్కులోకి ఎక్కితే వాసన నరం వెంబడి మెదడుకు పోతుంది. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో నేతి చేసుకున్న ఇద్దరు ఇలాగే చనిపోయారు. 2024లో కేరళలో పిల్లల ప్రాణాలు తీసిందీ ఈ అమీబాయే. అరుదే గానీ, వచ్చినవాళ్లలో బతికి బయటపడేది చాలా కొద్దిమంది. ఒక నిమిషం మరిగించడానికి బద్ధకించకండి.

చేసేటప్పుడు సింకు మీదికి వంగి, తల ఒక పక్కకు తిప్పి, పై రంధ్రంలో గొట్టం ఆనించండి. నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీసుకోండి, ఆ కాసేపు మాటలాడకండి, గుటక వేయకండి. సగం గ్లాసు ఒకవైపు, సగం రెండోవైపు. అయ్యాక రెండు రంధ్రాలూ మూసి గట్టిగా చీదితే నీళ్లు ముక్కు వెనక నుంచి చెవిలోకి పోయే చెవిగొట్టంలోకి ఎక్కుతాయి, మీ చెవికి జరిగింది అదే. ఒకటి మూసి రెండోదాంతో మెల్లగా చీదండి. గంట తర్వాత వంగితే బొటబొటా నాలుగు చుక్కలు కారొచ్చు, కంగారుపడకండి. ముక్కు రెండువైపులా పూర్తిగా బిగిసిన రోజున, చెవిపోటు ఉన్న రోజున నేతి మానేయండి. రాగిపాత్ర ఉప్పుకి చిలుము పడుతుంది, ప్లాస్టిక్‌ సీసా గానీ పింగాణీ పాత్ర గానీ మేలు. వాడాక కడిగి బోర్లించి ఆరబెట్టాలి.

ప్రశ్న: ఆవిరి పట్టమంటారా? పసుపు, బామ్, యూకలిప్టస్ ఏది వేయాలి?
*— పాఠకురాలు, కాకినాడ*

పెద్దవాళ్లు పట్టుకోవచ్చు. ముక్కు కాసేపు తేలికవుతుంది, అంతవరకే. జలుబు రోజులు తగ్గవు. ఏదీ వేయనవసరం లేదు, ఉత్త నీళ్ల ఆవిరి చాలు. ఒళ్లో గిన్నె పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం మాత్రం మానండి, ఆసుపత్రికొచ్చే ఆవిరి కాలిన గాయాలు ఎక్కువగా గిన్నె ఒరిగినవే. గిన్నెను బల్ల మీద కదలకుండా పెట్టి, పొయ్యి మీంచి దించిన రెండు మూడు నిమిషాల తర్వాత పట్టండి. చిన్నపిల్లలకు అసలే వద్దు. వేడివేడి మిరియాల చారు తాగినా ముక్కు అంతే తేలికవుతుంది.

ప్రశ్న: మిర్చి యార్డులో హమాలీని. సీజన్ మొదలైతే తుమ్ములు, ముక్కు నీళ్లు, గొంతు మంట. సెట్రిజిన్ వేసినా తగ్గదు. తువ్వాలు కట్టుకునే పనిచేస్తాను.
*— పాఠకుడు, గుంటూరు*

మీది చాలావరకు ఎలర్జీ కాదు, అందుకే సెట్రిజిన్‌కి లొంగదు. మిరపలోని క్యాప్సైసిన్ ముక్కులో మంటను పసిగట్టే నరాలను నేరుగా రేపుతుంది. ఆ నరాలు రేగితే నీళ్లు కారతాయి, తుమ్ములొస్తాయి. సెట్రిజిన్ అడ్డుకునేది హిస్టమిన్ అనే వేరే పదార్థాన్ని. తువ్వాలు నేతలోంచి సన్నటి మిరప ధూళి ఇట్టే దూరిపోతుంది. చెమటకు తడిసిన తువ్వాలైతే ఆ ఘాటును మూతికి అదిమిపెట్టినట్టే.

ఎన్95 మాస్కు వాడండి. రెండు పట్టీలూ తలవెనక్కి వెళ్లేది తీసుకోండి, ఒకటి నడినెత్తి కింద, రెండోది మెడ మీద. ముక్కు మీది లోహపు పట్టీని రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊపిరి వదిలి చూడండి. కళ్లవైపు గాలి తగిలితే మళ్లీ సర్దాలి. గడ్డం పెరిగి ఉంటే పక్కల నుంచి దుమ్ము దూరుతుంది. తడిసినా, ఊపిరి బరువైనా మార్చేయాలి. పని దిగాక చేతులు ఉత్త నీళ్లతో కడిగితే క్యాప్సైసిన్ పోదు, అది నూనెలో కరిగే రకం. కాస్త వంటనూనె రుద్ది తర్వాత సబ్బుతో కడిగి, అప్పుడే ముఖం, కళ్లు ముట్టుకోండి. పైన చెప్పిన ఉప్పునీటితో ముక్కు కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పిల్లల దగ్గరికి వెళ్లండి.

ఛాతీ పట్టేసినట్టుండి, పిల్లికూతలు వస్తూ, సెలవు రోజుల్లో తెరిపిస్తుంటే అది ముక్కుతో ఆగలేదన్నమాట. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం చూసే పరీక్ష) చేయించుకోండి, సీజన్ నడుస్తుండగానే. పని లేని నెలల్లో చేయిస్తే అంతా బాగున్నట్టే కనిపించొచ్చు. ఇంట్లో కూడా పొద్దున లేవగానే వరస తుమ్ములు, ముక్కు, కళ్లు దురద ఉంటే దానికి తోడు ఎలర్జీ కూడా ఉన్నట్టు. దానికి పైన చెప్పిన స్టెరాయిడ్ స్ప్రే సెట్రిజిన్‌కన్నా మేలు.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ఏడాదిలో ఇది మూడో గొంతునొప్పి. జ్వరం 102, మింగలేడు, దగ్గూ పడిశం లేవు. అమాక్సిసిలిన్ రాస్తారు, మూడు రోజులకే లేచి ఆడుకుంటాడు, మేమూ మందు ఆపేస్తాం.
*— పాఠకుడు, ఆదిలాబాద్*

ఆ ఆపేయడమే ఆపాలండీ. మొదటి ఉత్తరానికి యాంటీబయాటిక్ వద్దన్న మేమే మీకు పది రోజులూ ఒక్క పూట తప్పకుండా వేయమంటున్నాం. అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకి ఒక్కసారిగా జ్వరం, గొంతునొప్పి వచ్చి, దవడ కింద బిళ్లలు కట్టి ముట్టుకుంటే నొప్పెట్టి, టాన్సిల్స్ మీద తెల్లటి చీము మచ్చలు కనిపించి, దగ్గు, పడిశం మాత్రం లేవంటే స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాను అనుమానించాలి. ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు బొంగురుపోయి వచ్చే నొప్పి వైరస్‌ది, దానికి ఉప్పునీళ్లు పుక్కిలిస్తే చాలు. వెలుతురులో టార్చి వేసి, చెంచా కాడతో నాలుక అదిమి మీరే చూడొచ్చు. నిర్ధారణకు గొంతులోంచి స్వాబ్ తీస్తారు.

నొప్పి మూడు రోజుల్లో పోయినా బ్యాక్టీరియా గొంతులో మిగిలే ఉంటుంది. దానిమీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు రెండు మూడు వారాలకి పొరపాటున కీళ్ల మీదా, గుండె కవాటాల మీదా పడతాయి. మోకాలు వాచి తగ్గి, మడమ కీలుకో మోచేతికో పాకుతుంది, దాన్ని రుమాటిక్ జ్వరం అంటారు. కీళ్లు బాగుపడతాయి గానీ కవాటం బిగుసుకుపోతే పెద్దయ్యాక ఆపరేషన్ దాకా పోతుంది. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు మందు మొదలుపెట్టినా దీన్ని తప్పించవచ్చు. ఈ మూడు విడతల్లో ఎప్పుడైనా కీళ్లు వాచాయా, ఆయాసం వచ్చిందా గుర్తుచేసుకుని డాక్టరుకు చెప్పండి, గుండె చప్పుడు వినమనండి.

సొంగ కారుస్తూ, నోరు తెరవలేక, మాట ముద్దగా వస్తుంటే టాన్సిల్ పక్కన చీముగడ్డ కట్టినట్టు, ఆ రాత్రే తీసుకెళ్లాలి. గొంతులో బూడిదరంగు పొర అంటుకుని ఉండి మెడ వాస్తే కంఠసర్పి (డిఫ్తీరియా) కావచ్చు. మీరు చూస్తూ ఆ పొరను గీకకండి, నెత్తురు వస్తుంది. అయిదారేళ్ల వయసు డీపీటీ బూస్టరు పడిందో లేదో టీకా కార్డు తీసి చూడండి. పదేళ్లకి టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) కూడా వేయించాలి.

ప్రశ్న: జలుబు తగ్గి అయిదు వారాలైంది. పొడిదగ్గు పోవడం లేదు. వయసు 58, బీపీకి మూడు నెలలుగా రామిప్రిల్ వాడుతున్నాను.
*— పాఠకుడు, నంద్యాల*

రెండు పనులు చేయాలి, ఒకదానికోసం రెండోది ఆపకూడదు. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మందులు కొందరికి గొంతులో దురదపెట్టే పొడిదగ్గు తెస్తాయి. దగ్గు మందులు ఎన్ని తాగినా అది పోదు. మీరే బిళ్ల మానేయకండి, బీపీ ఎగబాకుతుంది. రాసిన డాక్టరు దగ్గరికెళ్లి దగ్గు సంగతి చెబితే టెల్మిసార్టాన్ లాంటి మరో రకానికి మారుస్తారు. మార్చాక ఒకటి నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది.

అయితే కారణం దొరికిందని క్షయ పరీక్ష వదిలేయొద్దు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా కళ్లె పరీక్ష చేయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా ఇది ఉచితంగా జరుగుతుంది. ఉమ్మి కాదు, లోతుగా దగ్గి తెచ్చిన కళ్లె ఇవ్వాలి, పొద్దున లేవగానే పడేది శ్రేష్ఠం. పొడిదగ్గులో కళ్లె రాకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయించమని అడగండి. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, రాత్రిళ్లు చెమటలు, కళ్లెలో నెత్తురు ఉంటే రేపటికి వాయిదా వేయకండి.

ప్రశ్న: అమ్మానాన్న వచ్చే వారం హైదరాబాద్ నుంచి డల్లాస్ వస్తున్నారు. నాన్నకి జలుబు. విమానంలో చెవులకు ఇబ్బందా?
*— పాఠకురాలు, డల్లాస్*

ఎక్కేటప్పుడుకన్నా దిగేటప్పుడు ఇబ్బంది. విమానం కిందికి వస్తుంటే గాలి ఒత్తిడి పెరుగుతుంది. జలుబుతో చెవిగొట్టం వాచి ఉంటే ఆ ఒత్తిడి లోపలికి సర్దుకోక కర్ణభేరి లోపలికి లాగేస్తుంది. దిగడానికి అరగంట, ముప్పావుగంట ముందు ఆక్సీమెటాజొలిన్ స్ప్రే ఒక్కో రంధ్రంలో ఒక పఫ్ కొట్టుకోమనండి. దారిలో విమానం మారితే అక్కడ దిగేముందు కూడా, పన్నెండు గంటల ఎడం ఉండేలా చూసుకుని. బీపీ ఉంటే బయల్దేరేముందే వాళ్ల డాక్టరును అడగాలి. దిగుతున్నప్పుడు నిద్రపోకూడదు, నిద్రలో గుటకలు తగ్గిపోతాయి. అమ్మని లేపమనండి. ఏదైనా చప్పరిస్తూ, ముక్కు, నోరు మూసి మెల్లగా బుగ్గల్లోకి గాలి ఊదితే చెవిలో టప్‌మని తెరుచుకుంటుంది. గట్టిగా ఊదకూడదు. చెవిలో నొప్పి, చీము ఇప్పటికే ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాకే టికెట్ సంగతి. దిగిన రెండు రోజులకి కూడా చెవి తెరుచుకోకపోయినా, వినికిడి తగ్గినా, తల తిరుగుతున్నా అక్కడే చూపించండి.